పెరూ ప్రయాణం: ఎత్తు లెక్క చూసుకుని వేసుకోవాల్సిన ప్లాన్

పెరూ వెళ్ళాలనుకునేవాళ్ళలో చాలామంది ముందుగా మ్యాప్ చూస్తారు. లిమాలో దిగడం, అక్కడి నుంచి కుస్కోకి గంటంపావు విమానం, మర్నాడు కొండ మీది పాత రాతి ఊరు మాచు పిచ్చు, ఆ మర్నాడు రంగుల చారల కొండ రెయిన్‌బో మౌంటెన్, ఐదో రోజుకల్లా తిరుగు ప్రయాణం. కాగితం మీద చక్కగా సరిపోతుంది. కానీ లిమా సముద్రం ఒడ్డున ఉంది, కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది. రెయిన్‌బో మౌంటెన్ 5,000 మీటర్లు దాటుతుంది. తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే. ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా ఎత్తైన శిఖరం కూడా 1,700 మీటర్లు దాటదు. అంత ఎత్తున గాలి ఎలా ఉంటుందో మన ఒంటికి తెలియదు. లేహ్ వెళ్ళొచ్చినవాళ్ళకు కొంత అంచనా ఉంటుంది, కుస్కో దాదాపు అంతే ఎత్తు.

అందుకే పెరూలో ఏ ఊరు ముందు, ఏ ఊరు తర్వాత అన్నది ఎత్తును బట్టే తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. దూరం, ఖర్చు, సెలవులు అన్నీ దాని తర్వాతే. ఈ వరస కుదిరితే మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి. కుదరకపోతే ఇంత దూరం వెళ్ళి హోటల్ గదిలో తల పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.

1. ఏ నెలలో వెళ్ళాలో ముందు తేల్చుకోండి

పెరూ మూడు పట్టీలుగా ఉంటుంది. పసిఫిక్ తీరం వెంట సన్నటి ఎడారి, మధ్యలో ఆండీస్ పర్వతాలు, వాటికి తూర్పున అమెజాన్ అడవి. విస్తీర్ణంలో సగానికి పైగా అడవే, జనం మాత్రం ఎక్కువగా తీరంలోనే ఉంటారు. తీరం పొడవునా సాగే చల్లటి హంబోల్ట్ ప్రవాహం వల్ల అక్కడ మబ్బు పడుతుంది గానీ వాన కురవదు. దాదాపు కోటి మంది ఉండే లిమాలో ఏడాదంతా కలిపినా మనకు ఒక్క పూట కురిసే వానంత ఉండదు.

ఆండీస్‌లో మే నుంచి సెప్టెంబరు దాకా పొడి కాలం. పగలు ఎండ మిలమిల్లాడుతుంది, రాత్రి కుస్కోలో చలి సున్నా దగ్గరికి దిగుతుంది. నవంబరులో వానలు మొదలవుతాయి, జనవరి, ఫిబ్రవరిలో దంచికొడతాయి. కొండచరియలు విరిగిపడి రోడ్లు, రైళ్ళు ఆగిపోవడం అప్పుడు మామూలే. లిమా దీనికి సరిగ్గా తలకిందులు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ఎండ, జూన్ నుంచి అక్టోబరు దాకా నగరం మీద బూడిదరంగు మంచు తెర. కొండల కోసమే వెళ్తాం కాబట్టి కొండల కాలాన్నే చూసుకోవాలి. ఏప్రిల్ చివర నుంచి మే నెలాఖరు వరకు, మళ్ళీ సెప్టెంబరులో వెళ్ళడం అన్నిటికన్నా మంచిది. వాన ఉండదు, జనం కాస్త పలచగా ఉంటారు. జూన్ 24న కుస్కోలో ఇంతి రైమి అనే సూర్యోత్సవం, జులై 28న దేశ స్వాతంత్ర్య దినం. ఆ రెండు తేదీల చుట్టూ వెళ్ళాలంటే గదులు చాలా ముందే బుక్ చేసుకోవాలి.

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళు థ్యాంక్స్‌గివింగ్‌కో క్రిస్మస్ సెలవులకో పెరూ పెట్టుకుంటుంటారు. అది వానాకాలపు మొదలు. అప్పుడే కుదిరితే వెళ్ళకూడదని కాదు, కానీ ప్లాన్‌లో రెండు రోజులు ఖాళీగా వదిలేయండి. మే చివర్లో వచ్చే మెమోరియల్ డే వారం కుదిరితే దాన్ని మించింది లేదు.

2. కాగితాలు: వీసా, ట్రాన్సిట్, పసుపు కార్డు

భారతీయ పాస్‌పోర్టుకు పెరూ వీసా కావాలి. అయితే ఒక ముఖ్యమైన వెసులుబాటు ఉంది. అమెరికా, కెనడా, యూకే, ఆస్ట్రేలియా లేదా షెంగెన్ దేశాల వీసా కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండగా మీ పాస్‌పోర్టులో ఉంటే, లేదా ఆ దేశాల్లో శాశ్వత నివాసం ఉంటే, పర్యటన కోసం విడిగా పెరూ వీసా అక్కర్లేదు. ఇవేవీ లేనివాళ్ళు న్యూఢిల్లీలోని పెరూ ఎంబసీకి దరఖాస్తు చేసుకోవాలి. ఈ రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఎంబసీ సైట్ ఒకసారి చూడండి. ఆ పేజీ ప్రింట్ తీసి వెంట ఉంచుకోండి. చెక్ఇన్ కౌంటర్‌లో కూర్చున్న మనిషికి ఈ మినహాయింపు సంగతి తెలిసి ఉంటుందన్న హామీ లేదు.

అమెరికాలో హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. స్టాంపింగ్ గడువు తీరిపోయి కేవలం అప్రూవల్ నోటీసుతో ఉంటున్నట్లయితే పెరూ వెళ్ళకండి. కెనడా, మెక్సికోలకు చిన్న ప్రయాణాలు చేసి పాత స్టాంపుతో తిరిగి రావడానికి ఉన్న సౌకర్యం పెరూకి వర్తించదు. కొత్త స్టాంపు లేకుండా వెనక్కి రావడం కుదరదు.

భారత్ నుంచి లిమాకి నేరుగా విమానం లేదు. ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, మాడ్రిడ్ మీదుగానో, బ్రెజిల్ మీదుగానో, అమెరికా మీదుగానో వెళ్ళాలి. అమెరికాలో విమానం మారడానికి కూడా వీసా ఉండాల్సిందే. కొన్ని యూరప్ విమానాశ్రయాల్లో మనవాళ్ళకు ట్రాన్సిట్ వీసా అడుగుతారు. కాబట్టి చౌక టికెట్ కనిపించగానే కొనేయకుండా ఎక్కడ దిగి మారుతున్నారో చూడండి.

ఇక ఎల్లో ఫీవర్ టీకా. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళే ఎక్కువ. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో పెరూ పేరు ఉంది. అక్కడి నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు భారత్‌లో దిగేవాళ్ళ దగ్గర టీకా సర్టిఫికెట్, అంటే పసుపు కార్డు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం మన అధికారులకు ఉంది. మీరు అమెజాన్ వైపు తొంగి చూడకపోయినా, లిమా, కుస్కో మాత్రమే చూసి వచ్చినా ఇదే రూల్. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేసుకుంటే జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. దీన్ని గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేయించుకోవాలి, మామూలు క్లినిక్ చీటీ చెల్లదు. గుడ్డు పడనివాళ్ళు, అరవై దాటినవాళ్ళు, గర్భిణులు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి.

3. ఎత్తుకు ఒళ్ళు అలవాటు చేయడం

ఎత్తున పడకపోవడాన్ని పెరూలో సొరోచె అంటారు. తలనొప్పి, కడుపులో వికారం, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, రాత్రి నిద్ర పట్టకపోవడం దాని లక్షణాలు. దిగిన కొన్ని గంటలకు మొదలై, చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఇది ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం. రోజూ జిమ్‌కి వెళ్ళే పాతికేళ్ళ కుర్రాడు పడిపోవచ్చు, పక్కనే వాళ్ళ అమ్మగారు నిక్షేపంగా తిరగొచ్చు. వయసునూ కండనూ చూసుకుని ధీమాగా ఉండకండి.

మొదటి రెండు రోజులు మెల్లగా నడవాలి, నీళ్ళు తరచుగా తాగాలి, రాత్రి తేలిగ్గా తినాలి, మద్యం ముట్టకూడదు. ఎత్తున అరుగుదల మందగిస్తుంది కాబట్టి దిగిన రోజు రాత్రే రెస్టారెంట్‌లో భారీగా తినే కార్యక్రమం పెట్టుకోవద్దు. అసిటజోలమైడ్ మాత్రలు, మన మందుల షాపుల్లో డయామాక్స్ పేరుతో దొరికేవి, చాలామందికి పనిచేస్తాయి. కానీ సల్ఫా మందులు పడనివాళ్ళకు ఇబ్బంది. డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు ప్లాన్ మొత్తం డాక్టర్ ముందు పెట్టి మాట్లాడటం మంచిది.

హోటల్ రిసెప్షన్‌లో ఒక మూల వేడినీళ్ళ ఫ్లాస్కు, పక్కనే గిన్నెలో ఎండు ఆకులు కనిపిస్తాయి. అవి కోకా ఆకులు. గుప్పెడు కప్పులో వేసి వేడినీళ్ళు పోసుకుని తాగుతారు. రుచి పసరు వాసనతో గ్రీన్ టీలా ఉంటుంది. ఆండీస్ ప్రజలకు ఇది వేల ఏళ్ళ అలవాటు, వాళ్ళకు పవిత్రమైన ఆకు, పెరూలో చట్టబద్ధం కూడా. ఒక కప్పు తాగితే హాయిగా అనిపిస్తుంది. డ్రగ్ టెస్టులు ఉండే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు మాత్రం దూరంగా ఉండండి, పరీక్షలో పట్టుబడుతుంది.

ఊరికే కూర్చున్నా ఊపిరి ఆడకపోవడం, ఆగని దగ్గు, నడకలో తూలడం, మాట తడబడటం కనిపిస్తే అది మామూలు సొరోచె కాదు. తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. వెంటనే కిందికి దిగాలి, ఆసుపత్రికి వెళ్ళాలి. కుస్కోలో పర్యాటకులకు అలవాటైన క్లినిక్‌లు ఉన్నాయి, చాలా హోటళ్ళలో ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది. ఇంతటి ఎత్తులకు కూడా వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందో లేదో పాలసీ కాగితంలో చదివి మరీ చూసుకోండి.

4. దారి ఎంచుకోవడం

పది రోజుల లోపు సెలవులుంటే ఇలా చేయండి. లిమాలో ఒకటి రెండు రాత్రులు ఉండి జెట్‌లాగ్ తీర్చుకోండి. మన సమయానికి లిమా పదిన్నర గంటలు వెనక. తర్వాత కుస్కోకి విమానం. ఇక్కడే అసలు కిటుకు ఉంది: కుస్కోలో ఆగవద్దు. విమానాశ్రయం నుంచే కారు మాట్లాడుకుని సేక్రెడ్ వ్యాలీకి దిగిపోండి. ఉరుబాంబా, ఓయంతాయ్‌తంబో ఊళ్ళు 2,800 మీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. ఆ ఆరు వందల మీటర్ల తేడాకే మొదటి రాత్రి నిద్ర పడుతుంది. అక్కడ రెండు రాత్రులు, అక్కడి నుంచి రైల్లో మాచు పిచ్చుకి. అది 2,430 మీటర్లు, అంటే ఇంకా కిందికే. తిరిగొచ్చాక కుస్కోలో మూడు రాత్రులు ఉండండి. అప్పటికి ఒళ్ళు అలవాటు పడి ఉంటుంది, ఊరంతా హాయిగా తిరగొచ్చు.

రెండు వారాలు ఉంటే బస్సుల్లో మెల్లగా ఎక్కుతూ పోవడమే అందం. లిమా నుంచి తీరం వెంట దక్షిణంగా పరాకాస్. అక్కడ పొద్దున్నే పడవెక్కితే బయెస్తాస్ దీవుల్లో సీ లయన్లు, హంబోల్ట్ పెంగ్విన్లు కనిపిస్తాయి. తర్వాత నాజ్కా. ఎడారి నేల మీద గీసిన కోతి, సాలీడు, హమ్మింగ్‌బర్డ్ బొమ్మల్ని చిన్న విమానంలోంచి అరగంట చూపిస్తారు. అటూ ఇటూ ఉన్నవాళ్ళకు సమానంగా కనబడాలని ప్రతి బొమ్మ దగ్గరా విమానాన్ని రెండు వైపులకూ బాగా వంచుతారు. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్ళు ఏమీ తినకుండా, మాత్ర వేసుకుని ఎక్కండి. లేదంటే హైవే పక్కన ఎక్కి చూసే టవర్ ఉంది, కొన్ని బొమ్మలు దాని మీంచి కనిపిస్తాయి.

నాజ్కా నుంచి బస్సులో అరెకీపా, 2,335 మీటర్లు. తెల్లటి అగ్నిపర్వత రాయితో కట్టిన నగరం, వెనక 5,822 మీటర్ల మిస్తీ శిఖరం. ఒళ్ళు ఎత్తుకు అలవాటు పడటానికి దేశంలో ఇంతకన్నా అనువైన చోటు లేదు. 1579లో మొదలైన సాంతా కతలీనా మఠం ఒక్కటి చూడటానికే సగం రోజు పడుతుంది. ఎర్ర గోడల, నీలి గోడల సందులతో అది ఊళ్ళో ఇంకో ఊరు. రెండు మూడు రాత్రులు ఇక్కడ ఉండి, తర్వాత కాండర్ అనే పెద్ద రాబందుల కోసం కోల్కా లోయకు వెళ్ళండి. దారిలో పతపంపా కనుమ 4,900 మీటర్ల ఎత్తుంటుంది, అక్కడ ఎక్కువసేపు ఆగకూడదు. ఆ తర్వాత 3,800 మీటర్ల పైన ఉన్న పునో, తితికాకా సరస్సు. తాకీలే దీవిలో మగవాళ్ళు నడుస్తూ కబుర్లు చెప్పుకుంటూ కూడా ఊలు టోపీలు అల్లుతుంటారు. ఆ నేతపనికి యునెస్కో గుర్తింపు ఉంది. పునో నుంచి పగటి బస్సులో కుస్కో, అక్కడి నుంచి వ్యాలీ, చివర్లో మాచు పిచ్చు. ఎత్తైన చోటు మధ్యలో వచ్చి, చివరికి కిందికి దిగుతూ ముగుస్తుంది.

రెయిన్‌బో మౌంటెన్ చూసి తీరాలంటే కొండల్లో కనీసం నాలుగైదు రోజులు గడిచాకే. నడక తగ్గాలంటే పల్కోయో వైపు వెళ్ళండి, రంగులు అక్కడా ఉన్నాయి. అమెజాన్ కావాలంటే కుస్కో నుంచి ప్వెర్తో మల్దొనాదోకి చిన్న విమానం, అక్కడి నుంచి పడవ మీద తంబోపాతా. ఇకీతోస్ నగరానికైతే రోడ్డే లేదు, విమానమో పడవో గతి.

5. మాచు పిచ్చు టికెట్లు

ప్రయాణం తేదీలు ఖాయం కాగానే, విమానం టికెట్ల తర్వాత వెంటనే కొనాల్సినవి ఇవే. జూన్, జులై, ఆగస్టు నెలలకైతే కొన్ని నెలల ముందే అయిపోతాయి. పెరూ సంస్కృతి మంత్రిత్వ శాఖ సైటులో పాస్‌పోర్టు నంబరు ఇచ్చి, తేదీ, గంట, సర్క్యూట్ (లోపల నడిచే దారి) ఎంచుకుని కొనాలి. విదేశీ పెద్దలకు మామూలు టికెట్ 152 సోల్స్ (సోల్ అంటే పెరూ కరెన్సీ), శిఖరం ఎక్కేదానికి 200 సోల్స్ ఉంటూ వచ్చింది. పేరు దగ్గర జాగ్రత్త. సైటులో ఇంటిపేరు, సొంతపేరు వేరువేరు గడుల్లో అడుగుతారు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగానో, రెండూ కలిపేసో ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయండి, గేటు దగ్గర దాన్ని పోల్చి చూస్తారు.

2024 నుంచి లోపల మూడు సర్క్యూట్లు ఉన్నాయి, ఒకదాని టికెట్‌తో ఇంకోదానిలోకి వెళ్ళనివ్వరు. మొదటిది పైనున్న మెట్లపొలాల మీదుగా సాగుతుంది, ఫోటో అద్భుతంగా వస్తుంది కానీ కట్టడాల మధ్యకు దిగలేరు. మూడోది కింది భాగంలో తిప్పుతుంది, వైనా పిచ్చు శిఖరం ఎక్కేవాళ్ళు దీనిలోనే వెళ్తారు, అందరికీ తెలిసిన ఆ పైనుంచి కనిపించే దృశ్యం మాత్రం ఉండదు. రెండోదానిలో దృశ్యమూ ఉంది, ఊళ్ళో నడకా ఉంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇంకేమీ ఆలోచించకుండా రెండోది తీసుకోండి. అది దొరక్కపోతే, కింద ఊళ్ళో మర్నాటి కోసం రోజూ కొన్ని టికెట్లు కౌంటర్లో అమ్ముతారు. దానికోసం అక్కడే ఒక రోజు అదనంగా పెట్టుకోవాలి, ఫలానా సర్క్యూటే దొరుకుతుందన్న నమ్మకం లేదు.

కింద ఊరి పేరు అగ్వాస్ కాలియెంతెస్. అక్కడికి కారు రోడ్డు లేదు. ఓయంతాయ్‌తంబో నుంచి పెరూరైల్, ఇంకారైల్ రైళ్ళు నడుస్తాయి, గంటన్నర, రెండు గంటల ప్రయాణం. రైల్లోకి చిన్న బ్యాగు మాత్రమే అనుమతిస్తారు, పెద్ద సూట్‌కేసులు హోటల్లో వదిలి వెళ్ళాలి. చౌకగా పోవాలంటే కుస్కో నుంచి వ్యానులో ఆరేడు గంటలు ఇద్రోఎలెక్త్రికా దాకా వెళ్ళి, అక్కడి నుంచి పట్టాల పక్కన పది కిలోమీటర్లు నడవాలి. కుర్రాళ్ళకు బాగుంటుంది, పిల్లలతో, పెద్దవాళ్ళతో వద్దు. ఊరి నుంచి పైకి బస్సు అరగంట పడుతుంది. ముందురోజు రాత్రి ఆ ఊళ్ళోనే పడుకుని ఉదయం ఎక్కడమే మేలు. కుస్కో నుంచి తెల్లవారుజామున మూడింటికి లేచి అదే రోజు తిరిగొచ్చే టూర్లలో అలసటే ఎక్కువ.

లోపల మరుగుదొడ్లు లేవు, గేటు బయటే. ఒకసారి బయటికొస్తే మళ్ళీ రానివ్వరు. తిండి, ట్రైపాడ్, డ్రోన్, పెద్ద బ్యాగులు కుదరవు. గైడ్‌ని మాట్లాడుకోవడానికి వెనకాడకండి. ఊరికే చూస్తే రాళ్ళ గోడలు, చెప్పేవాళ్ళుంటే నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఏ తొట్టెలోంచి ఏ తొట్టెలోకి పడుతున్నాయో, వాన నీరు ఇంకిపోవడానికి మెట్లపొలాల కింద ఏమేం పరిచారో తెలుస్తుంది. అయిదు వందల ఏళ్ళకు పైగా అంత వానను తట్టుకుని ఆ ఊరు కొండ మీద నిలబడి ఉందంటే కారణం కంటికి కనబడని ఆ పనితనమే. 1911లో హైరమ్ బింగమ్ దీన్ని కనిపెట్టాడని చాలా చోట్ల రాస్తారు. ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళింది మెల్చోర్ అర్తెయాగా అనే స్థానిక రైతు. అప్పటికే ఆ మెట్లపొలాల మీద రైతు కుటుంబాలు సాగు చేసుకుంటున్నాయి. మీ గైడ్ ఈ సంగతి చెప్పకపోతే మీరే అడగండి.

నడిచి వెళ్ళాలనుకుంటే నాలుగు రోజుల 'ఇంకా ట్రయల్' ఉంది, స్పెయిన్ వాళ్ళు రాకముందు అక్కడ ఏలిన ఇంకాల పాత దారి. సుమారు 42 కిలోమీటర్లు, అన్నిటికన్నా ఎత్తైన కనుమ 4,200 మీటర్లు. కూలీలు, గైడ్లతో కలిపి రోజుకు 500 మందికే పర్మిట్. గుర్తింపు ఉన్న ఏజెన్సీ ద్వారానే దొరుకుతుంది. ఫిబ్రవరిలో దారి మూసేస్తారు.

6. కుస్కోలో గోడల్ని తీరిగ్గా చూడండి

కుస్కో వెళ్ళి ప్లాజాలో ఫోటో దిగి వచ్చేసేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. హతున్ రుమియోక్ అనే సన్నటి వీధిలో పన్నెండు మూలల రాయి ఉంది. రాయిని ముట్టుకోకూడదు, దగ్గరగా నిలబడి చూడండి. పన్నెండు మూలలకీ పన్నెండు చోట్ల పక్క రాళ్ళు అతుక్కుని ఉంటాయి. మధ్యలో సున్నం లేదు, మట్టి లేదు, సూది దూరే సందు లేదు. ఇనుప పనిముట్లు తెలియని మనుషులు రాతితో రాతిని కొట్టి, నూరి అమర్చారు. గోడ పైకి పోయేకొద్దీ కాస్త లోపలికి వాలి ఉంటుంది. అది భూకంపాల కోసం. కొరికాంచా సూర్య దేవాలయం మీద స్పెయిన్ వాళ్ళు కట్టిన మఠం 1950 భూకంపంలో బాగా దెబ్బతింది. కింద ఉన్న ఇంకాల గోడలు చెక్కుచెదరలేదు, పైగా అప్పటిదాకా కప్పేసిన గోడలు కూడా బయటపడ్డాయి.

సక్సాయ్‌వామన్, పిసాక్, ఓయంతాయ్‌తంబో, మొరాయ్ లాంటి ఇంకాల కాలపు చోట్లకు విడిగా టికెట్లు ఉండవు. బొలేతో తురిస్తికో అనే పది రోజుల ఉమ్మడి టికెట్ 130 సోల్స్‌కు తీసుకోవాలి. కొరికాంచా, మరాస్ ఉప్పు మడులు అందులో రావు. మరాస్‌లో ఒక ఉప్పు ఊట నుంచి వచ్చే నీటిని కొండవాలు మీద వేల మడుల్లోకి మళ్ళించి ఉప్పు తీస్తారు, ఇంకాలకు ముందు నుంచీ సాగుతున్న పని.

7. తిండి, అందులో శాకాహారం

మాంసం, చేపలు తినేవాళ్ళకు పెరూ స్వర్గమే. నిమ్మరసంలో ఊరిన పచ్చి చేప ముక్కలు సెవిచె, గొడ్డుమాంసం లోమో సల్తాదో, గినీపిగ్ వేపుడు కుయ్. సెవిచెను తీరంలో, మధ్యాహ్నం పూట తినండి.

శాకాహారులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ చాలామందికి కార్నె అంటే గొడ్డుమాంసమే. మాంసం వద్దంటే చికెన్ పెట్టేస్తారు. కాబట్టి 'సిన్ కార్నె, సిన్ పొయో, సిన్ పెస్కాదో' అని మూడూ చెప్పాలి: మాంసం లేకుండా, చికెన్ లేకుండా, చేప లేకుండా. గుడ్డు తినకపోతే 'సిన్ వేవో' అనండి. సూపులన్నీ దాదాపు చికెన్ ఉడికించిన నీళ్ళతోనే కాస్తారు. కీన్వా సూపు చూడటానికి శాకాహారంలాగే ఉంటుంది, అడగకుండా తాగొద్దు.

తినదగ్గవి చాలానే ఉన్నాయి. పాపా అలా వంకాయీనా అంటే ఉడికించిన బంగాళాదుంపల మీద పసుపు రంగు మిరప, చీజ్ కలిపిన సాస్. పెద్ద గింజల మొక్కజొన్న కంకి, పక్కన చీజ్ ముక్క వీధుల్లో అమ్ముతారు. అన్నం అన్ని చోట్లా ఉంటుంది. చైనా నుంచి వలస వచ్చినవాళ్ళ వంట పెరూ రుచులతో కలిసి పుట్టిన చీఫా హోటళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నాయి, కూరగాయల ఫ్రైడ్ రైస్ అడిగితే చేసిస్తారు. సోమవారం ఎక్కడైనా భోజనం హోటల్‌కి వెళ్ళి చూడండి, పప్పు, అన్నం వండి ఉంటారు. సోమవారం లెంటిల్స్ తినడం అక్కడి ఆనవాయితీ. పక్కన పెట్టే మాంసం ముక్క వద్దని చెబితే సరి. కారం కావాలంటే ఆహీ అని అడగండి, గిన్నెలో తెచ్చిస్తారు. రొకోతో మిరపకాయ చూడటానికి చిన్న క్యాప్సికమ్‌లా ఉంటుంది, గుంటూరు మిరప తిన్న నాలుక కూడా దానికి కాసేపు ఆగాల్సిందే.

కుస్కోలో సాన్ పెద్రో మార్కెట్‌కు ఉదయాన్నే వెళ్ళండి. వరసగా పండ్ల రసం కొట్లు, ఎత్తైన బల్ల వెనక ఏప్రాన్ కట్టుకున్న ఆడవాళ్ళు, ముందు కస్టమర్ల కోసం పొడవాటి బెంచీ. మామిడి, బొప్పాయి, లూకుమా, ఏది చూపిస్తే అది మిక్సీలో వేస్తారు. గ్లాసు ఖాళీ చేసి లేవబోతుంటే ఆగమని సైగ చేసి జార్‌లో మిగిలింది కూడా పోసేస్తారు. ఆ కొసరుకు డబ్బు తీసుకోరు. రసంలో మామూలు నీళ్ళు కలపొద్దని ముందే చెప్పండి. పెరూలో కుళాయి నీళ్ళు తాగకూడదు, పళ్ళు తోముకోవడానికి కూడా సీసా నీళ్ళే వాడటం క్షేమం. మార్కెట్‌లో చిరిమోయా కనిపిస్తే వదలకండి, మన సీతాఫలానికి దగ్గర చుట్టం.

8. డబ్బు, బస్సులు, భద్రత

ఒక సోల్ మన పాతిక రూపాయల చుట్టుపక్కల ఉంటూ వస్తోంది. చిన్న కొట్లలో నగదే కావాలి, 200 నోటు ఎవరూ మార్చరు. డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లే తీసుకెళ్ళండి, కొసన చిన్న చిరుగున్నా వద్దంటారు. కార్డుకు ఇంటర్నేషనల్ వాడకం ఇక్కడే ఆన్ చేసుకోండి. హోటల్ గదుల మీద 18 శాతం పన్ను విదేశీ పర్యాటకులకు ఉండదు. పాస్‌పోర్టు చూపించి ఆ మినహాయింపు అడగండి, అడగకపోతే కొన్నిచోట్ల వేసేస్తారు.

దూరప్రయాణపు బస్సులు బాగుంటాయి. క్రూస్ దెల్ సూర్ లాంటి పెద్ద సంస్థల బస్సుల్లో పడుకునే సీట్లు ఉంటాయి. కొండదారుల్లో పగటి బస్సే ఎక్కండి. టాక్సీలకు మీటరు ఉండదు, యాప్‌లో పిలవండి లేదా ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి. లిమాలో మిరాఫ్లోరెస్, బరాంకో పేటల్లో దిగడం మంచిది. అక్కడైనా రోడ్డు పక్కన ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడొద్దు, బైకు మీద వచ్చి లాక్కుపోతారు. నేరాలు పెరగడంతో లిమా, దాని పక్కనున్న కయావోల్లో ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించిన సందర్భాలు కూడా ఉన్నాయి, వెళ్ళేముందు వార్తలు చూసుకోండి.

సమ్మెలు, రాస్తారోకోలు పెరూలో తరచూ జరుగుతాయి. వాటిని పారో అంటారు. 2023 జనవరిలో నిరసనల వల్ల మాచు పిచ్చునే కొన్ని వారాలు మూసేశారు. అందుకని తిరుగు విమానానికి ముందురోజు లిమాలోనే ఉండేలా చూసుకోండి, కుస్కో నుంచి అదే రోజు కనెక్షన్ పెట్టుకోవద్దు. పర్యాటకులు ఎక్కువగా వెళ్ళే ఊళ్ళలో ఐపెరూ అనే ప్రభుత్వ సమాచార కేంద్రంలో ఉచితంగా సలహా ఇస్తారు. లిమాలో భారత ఎంబసీ ఉంది, దాని ఫోన్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి.

పొరలుగా వేసుకునే బట్టలు, సన్‌స్క్రీన్, టోపీ, టాయిలెట్ పేపరు వెంట ఉండాలి. పేపరును కమోడ్‌లో వేయకూడదు, పక్కన బుట్టలో వేయాలి. కరెంటు 220 వోల్టులే, మన సన్న రెండు పిన్నుల ఛార్జర్ చాలాచోట్ల పడుతుంది.

9. కొనడం, తెచ్చుకోవడం

బేబీ అల్పాకా అని చెప్పి వీధుల్లో అమ్మే స్వెటర్లలో ఎక్కువ భాగం సింథటిక్ కలిసినవే. నిజమైన అల్పాకా చేతికి చల్లగా, కాస్త బరువుగా, జారుతున్నట్టు ఉంటుంది, ధర కూడా గట్టిగానే ఉంటుంది. నేతబట్టలు కొనాలనుకుంటే చించేరోకి వెళ్ళండి. ఊలు కడగడం నుంచి రంగు వేయడం దాకా కళ్ళముందే చూపిస్తారు. కాక్టస్ మీద బతికే చిన్న పురుగును అరచేతిలో నలిపి ఎర్ర రంగు తీస్తారు, దాని మీద నిమ్మరసం పిండితే నారింజ రంగుకు తిరుగుతుంది. బేరం ఆడొచ్చు, కానీ నెలల తరబడి నేసిన గుడ్డను సగం ధరకు అడగడం న్యాయం కాదు.

పాతకాలపు కుండలు, గుడ్డ ముక్కలు అని ఎవరైనా చూపిస్తే కొనకండి. స్పెయిన్ రాకకు ముందరి వస్తువులు దేశం దాటించడం నేరం. కోకా ఆకులు, కోకా టీ ప్యాకెట్లు విమానాశ్రయంలో కూడా అమ్ముతారు. భారత్‌లో, అమెరికాలో అవి నిషిద్ధం, సరదాకైనా బ్యాగులో పెట్టుకోవద్దు. కాఫీ, చాక్లెట్, మరాస్ ఉప్పు తెచ్చుకోవచ్చు. ఉప్పు పొట్లాన్ని చెక్ఇన్ బ్యాగులోనే వేయండి, చేతిసంచిలో ఉంటే స్కానర్ దగ్గర తీయించి చూస్తారు.